లైటు ఒకచోట, జబ్బు ఇంకోచోట

కంభం దాటి బేస్తవారిపేట వైపు పోతుంటే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. పొద్దున ఆరున్నర. పాలక్యాన్లు దించేసి వచ్చిన పికప్ ఒకటి ముందర ఆగి ఉంది. డ్రైవరుకు పాతికేళ్ళుంటాయేమో. "అన్నా, సైలెన్సర్‌లో ఫిల్టరు పోయిందంట. మార్చాలంటే లక్ష దగ్గర అవుతుందంటన్నారు," అన్నాడు. ఆ మాట ఎవరు చెప్పారో ఇక్కడ అనవసరం. స్కానరు చూపించిన కోడు మాత్రం పి 2002. పొగలోని మసిని పట్టే ఫిల్టరు సరిగా పట్టడం లేదని దాని అర్థం.

మెకానిక్ వెంటనే స్కానరు తీయలేదు. బండి చల్లారేదాకా ఆగాడు. గూట్లోంచి తెల్ల గుడ్డ పీలిక ఒకటి తీసి వేలికి చుట్టుకుని, సైలెన్సర్ గొట్టం కొసన లోపలికి పెట్టి ఒక చుట్టు తిప్పాడు. బయటికి తీసి ఎండలో పట్టుకుని చూశాడు. గుడ్డకు కాస్త ఎర్రదుమ్ము అంటింది. మసి లేదు.

"ఫిల్టరు పగిలుంటే గుడ్డ కాటుక మాదిరి రావాల. నీ ఫిల్టరు బాగుండాది. పోయి టీ తాగిరాపో," అన్నాడు.

ఆ బండి సంగతి తర్వాత చెబుతాను. ఆ పూట ఆ షెడ్డు దగ్గర టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ డ్రైవర్లు ఒకరి తర్వాత ఒకరు అడిగిన ప్రశ్నలు ముందు చూద్దాం. గిద్దలూరు నుంచి ఎర్రగొండపాలెం దాకా ఈ రోజుల్లో పికప్ తోలే ప్రతివాడూ అడిగేవే అవి.

పాత బండికి లేని ఈ గోల కొత్తదానికెందుకు?

పాత బండి తన పొగ తాను ఊదేసి పోయేది. కొత్త బండి దాన్ని కడుపులో పెట్టుకోవాలి. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4 ఉండేది. 2020 ఏప్రిల్ 1న అయిదో మెట్టు ఎక్కకుండానే బీఎస్-6కు దూకాం. మూడున్నర టన్నుల లోపు సరుకు బండ్లలో బరువైన తరగతికి కిలోమీటరుకు 60 మిల్లీగ్రాముల దాకా మసి వదలొచ్చన్న చోట ఇప్పుడు 4.5 మాత్రమే. నైట్రోజన్ ఆక్సైడ్లు 390 నుంచి 125కు దిగాయి. ఇంజన్ను ఎంత బాగా తయారుచేసినా అరవైని నాలుగున్నరకు దించలేం. మధ్యలో జల్లెడ ఉండాల్సిందే. డీజిల్‌ను కూడా మార్చారు. అందులో గంధకం పది లక్షల పాళ్ళకు 50 ఉండేది, 10కి తగ్గించారు. గంధకం ఎక్కువైతే ఈ కొత్త సామాను తట్టుకోలేదు. డ్రమ్ముల్లో చౌకగా దొరికే 'బయోడీజిల్' పోయించుకునేవాళ్ళు ఈ ఒక్క ముక్కా గుర్తుంచుకుంటే చాలు.

మసికి ఒకటి, నైట్రోజన్ ఆక్సైడ్లకు ఒకటి అని రెండు ఏర్పాట్లు ఎందుకంటే, అవి రెండూ తూకంలో రెండు పళ్ళేల లాంటివి. కట్టెల పొయ్యిని గొట్టంతో బాగా ఊదండి. మంట ఎర్రగా లేస్తుంది, పొగ పోతుంది. ఊదడం ఆపితే మంట చల్లబడి మసి పడుతుంది. ఇంజన్లో మంట వేడెక్కితే మసి తగ్గుతుంది కానీ, ఆ వేడికి గాలిలోని నైట్రోజనే ఆక్సిజన్‌తో కలిసి విషవాయువవుతుంది. వేడి తగ్గించామా, మసి పెరుగుతుంది. ఒకదాన్ని అణిస్తే ఇంకొకటి లేస్తుంది కాబట్టే రెండింటికీ విడివిడిగా కాపలా.

సైలెన్సర్ లోపల ఏముంది?

పొగ నడిచే దారినే మనమూ నడుద్దాం. ఇంజన్ నుంచి వచ్చిన పొగలో కొంత ఈజీఆర్ అనే కవాటం గుండా వెనక్కి తిరిగి మళ్ళీ ఇంజన్లోకే పోతుంది. మంట మీద కాస్త చన్నీళ్ళు చల్లినట్టు అది లోపలి వేడిని తగ్గిస్తుంది. మిగతాది టర్బో దాటి డీఓసీ అనే డబ్బాలోకి వస్తుంది. కాలకుండా మిగిలిన డీజిల్ ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ అక్కడ కాలిపోతాయి. ఆ పక్కనే డీపీఎఫ్, అంటే మన మసి జల్లెడ. తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మె అది. గూళ్ళు ఒకదాని విడిచి ఒకటి మూసి ఉంటాయి. పొగ ఒక గూట్లో దూరి, గోడలోంచి ఊరి, పక్క గూట్లోంచి బయటపడుతుంది. మసి గోడకు అంటుకుపోతుంది. కొన్ని బండ్లలో ఆ తర్వాత యూరియా చిమ్మే ఎస్‌సీఆర్ అనే ఏర్పాటు కూడా ఉంటుంది. డీజిల్ మూత దగ్గరే నీలం మూత ఇంకొకటి ఉంటే మీది అలాంటి బండి. లేకపోతే ఆ భాగం మీకు సంబంధం లేదు.

నా బండికే మసి ఎందుకు నిండుతోంది? మా బావది అదే బండి, దానికి ఏమీ లేదే!

ఇది నిజంగా మంచి ప్రశ్న. బావ బండి ఎర్రగొండపాలెంలో మిర్చి బస్తాలు ఎత్తుకుని రాత్రికి గుంటూరు యార్డుకు పోతుంది. నాలుగైదు గంటలు ఒకే ఊపు. మీ బండి పల్లెపల్లెకూ పాలక్యాన్ల కోసం ఆగుతుంది. రెండు కిలోమీటర్లు పోవడం, ఆపడం, మళ్ళీ స్టార్ట్ చేయడం.

జల్లెడలో పట్టిన మసిని ఎవరూ దులపరు. బండే దాన్ని కాల్చుకోవాలి. లోడు మీద నడిచే బండి పొగ 250 నుంచి 400 డిగ్రీల వేడికి చేరితే మసి కొంచెం కొంచెంగా తనంతటే కాలుతుంది. అది చాలకపోతే ఇంజన్ కంప్యూటరు కల్పించుకుని, ఆలస్యంగా కాస్త డీజిల్ అదనంగా చిమ్మి, జల్లెడను 600 డిగ్రీల దరిదాపుకు తీసుకుపోతుంది. దాన్నే రీజెన్ అంటున్నారు. అప్పుడు నిలబడ్డ బండి ఆర్‌పీఎం కాస్త పెరిగి ఉంటుంది, ఫ్యాను ఆగకుండా తిరుగుతుంది, కింద నుంచి కాలిన వాసన సెగ కొడుతుంది. ఆ పని నడుస్తుండగానే మీరు ఊరు వచ్చిందని తాళం తీసేస్తే సగంలో ఆగిపోతుంది. పొయ్యి మీది ఎసరు మరగబోతుంటే మంట ఆర్పినట్టే. రోజుకు నాలుగుసార్లు అలా ఆపితే మసి మసిగానే ఉంటుంది. పైగా కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ పుల్ల తీసి చూడండి. మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి, డీజిల్ వాసన వేస్తోందంటే రీజెన్లు సగంలో ఆగిపోతున్నాయన్నమాట. ఆయిల్ ఎక్కువుందిలే అని సంతోషపడకండి. పలచబడ్డ ఆయిల్ బేరింగులను తినేస్తుంది. వెంటనే మార్చాలి.

ఘాట్ రోడ్డు సంగతి కూడా చెప్పాలి. గిద్దలూరు నుంచి దిగువమెట్ట దాటి నంద్యాల వైపు నల్లమల ఎక్కేటప్పుడు లోడు బండి బాగా వేడెక్కుతుంది, మసి కాలుతుంది. దిగేటప్పుడు కాలు తీసేస్తారు కాబట్టి డీజిల్ పడదు. చల్లగాలి ఒక్కటే సైలెన్సర్లోకి పోయి అంతా చల్లబడుతుంది. ఎక్కుడులో సగంలో ఉన్న రీజెన్ దిగుడులో ఆగిపోవడం మామూలే.

లైటు వెలిగింది. ముందు ఎక్కడ చూడాలి?

కంభం చెరువు కింద చివరి మడికి నీళ్ళు అందలేదనుకోండి. పోయి చివరి మడిలో గుంత తవ్వుతారా? తూము దగ్గర్నుంచి కాలువ గట్టున నడుచుకుంటూ వస్తారు. ఎవరు అడ్డం కట్టారో, ఎక్కడ గండి పడిందో చూస్తారు. లైటు వెలిగేది డీపీఎఫ్ పేరు మీద. కానీ డీపీఎఫ్ చివరి మడి. పైన జరిగిన ప్రతి తప్పూ వచ్చి పడేది దాని నెత్తినే.

కాబట్టి మొదటి చూపు గాలి ఫిల్టరు మీద. మార్కాపురం పలకల ఫ్యాక్టరీల సందుల్లో, క్వారీ దారుల్లో తిరిగే బండి పీల్చే గాలి మామూలు గాలి కాదు, పలకరాయి పిండి. ఫిల్టరు మూసుకుంటే గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే మసి పెరుగుతుంది. పుస్తకంలో రాసిన కిలోమీటర్లు ఈ బండికి వర్తించవు, అందులో సగానికే మార్చాలి. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టి అదే ఫిల్టరును మళ్ళీ పెట్టేవాళ్ళున్నారు. ఆ దెబ్బకు కాగితం చిరిగితే పిండి నేరుగా టర్బోలోకే పోతుంది.

తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే లావు గొట్టాలు. క్లిప్పు దగ్గర నల్లగా జిడ్డు పట్టి ఉంటే అక్కడ గాలి కారుతోంది. ఎక్కుడులో విజిల్ లాంటి సన్నచప్పుడు వినబడుతుంది, బండి లాగదు. ఆ తర్వాత ఇంజెక్టర్లు. ఒక్కటి కారినా జల్లెడ నెలలోపే నిండుతుంది. ఇంకొకటి ఎవరూ పట్టించుకోనిది, ఆయిల్ డబ్బా. డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ పోయాలి. మీ బండి పుస్తకంలో సీకే-4 అనో, సీజే-4 అనో ఉంటే అదే కొనండి. పాత రకం సీఐ-4 చౌకే. కానీ మసి కాలుతుంది, ఆయిల్ బూడిద కాలదు. గూళ్ళలో అది పేరుకుంటే ఏ రీజెన్ దాన్ని కదల్చలేదు, జల్లెడను విప్పి కడిగించాల్సిందే.

స్కానరును నేను తక్కువ చేయడం లేదు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్టు ప్రతి బండికీ ఉంటుంది. కోడును తీర్పుగా తీసుకోవద్దు, ఫిర్యాదుగా చదవండి. పి 2463 అంటే మసి ఎక్కువైందని ఫిర్యాదు. ఎందుకు ఎక్కువైందో అది చెప్పదు. పి 0401 అంటే ఈజీఆర్ గుండా పొగ చాలినంత పోవడం లేదని. పి 2452 అంటే ఒత్తిడి చూసే సెన్సర్ తీగల్లో తేడా అని. కోడుతోపాటు, అది పడిన నిమిషంలో బండి ఎంత వేగంలో, ఎంత వేడిలో ఉందో కూడా దాచి ఉంటుంది. దాన్ని చదివించకుండా కోడు చెరిపించుకోకండి. సాక్ష్యం పోతుంది.

రీజెన్ ఎలా చేయించాలి?

పసుపుపచ్చ డీపీఎఫ్ లైటు ఒక్కటే నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా లాగుతుంటే భయం లేదు. త్రిపురాంతకం మీదుగా వినుకొండ వైపు హైవే ఎక్కండి. ఒక గేరు తగ్గించి, ఆర్‌పీఎం కాస్త పైన ఉంచి, ఆగకుండా ఇరవై నిమిషాలో అరగంటో నడపండి. చాలాసార్లు లైటు అదే పోతుంది. లైటు మిణుకుమిణుకుమంటున్నా, ఇంజన్ లైటు కూడా తోడై బండి లాగడం మానేసినా ఆ పని చేయకండి. అప్పటికే మసి ఎక్కువైంది. అంత మసి ఒక్కసారి అంటుకుంటే జల్లెడే పగులుతుంది. దాన్ని తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకుపోవాలి.

బండి నిలబెట్టి రీజెన్ చేసేటప్పుడు కింద ఏముందో చూడండి. ఇది చిన్న మాటలా కనబడుతుంది కానీ కాదు. సైలెన్సర్లోంచి వచ్చే సెగకు ఎండుగడ్డి అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. మిర్చి కల్లాల్లో, జొన్నచొప్ప వాముల పక్కన, పొగాకు బ్యారన్ల ముందు వద్దు. దోర్నాల దాటి శ్రీశైలం అడవిలో ఎండాకాలం ఆకులు రాలిన చోట అసలే వద్దు. అది పులుల అభయారణ్యం. నున్నటి సిమెంటు నేల మీదనో, ఊడ్చిన కంకర మీదనో పెట్టుకోండి.

ఈజీఆర్ ఎందుకు మూసుకుపోతుంది?

మసి, ఆయిల్ ఆవిరి కలిస్తే తారు. ఆ తారు కవాటం చుట్టూ పేరుకుంటుంది. తెరుచుకుని బిగుసుకుంటే ఎప్పుడూ పొగే పీలుస్తుంది. నల్లపొగ, నిలబడ్డప్పుడు కుదుపు, లాగుడు లేకపోవడం అప్పుడే. మూసుకుని బిగుసుకుంటే డ్రైవరుకు తేడానే తెలియకపోవచ్చు, లైటు మాత్రం వెలుగుతుంది. విప్పి శుభ్రం చేయొచ్చు, స్ప్రే కొట్టి బ్రష్షుతో రుద్దొచ్చు. ఇనుప స్క్రూడ్రైవరుతో గీకితే మాత్రం కవాటం కూర్చునే అంచు చెడుతుంది.

యూరియా అంటే యూరియానే కదా? పొలానికి తెచ్చింది కలిపి పోస్తే?

ఈ ప్రశ్న అడిగిన పెద్దాయనను చూసి అక్కడున్న కుర్రాళ్ళు నవ్వారు. నవ్వాల్సిన పని లేదు. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకు ఇంట్లో ఉంటే ఎవరికైనా ఆ ఆలోచన వస్తుంది.

నీలం మూత ట్యాంకులో పోసే డెఫ్‌లో 32.5 శాతం యూరియా, మిగతాది ఖనిజాలేవీ లేని శుద్ధమైన నీరు. వేడి పొగలోకి దాన్ని చిమ్మితే అమ్మోనియా అవుతుంది. ఆ అమ్మోనియా నైట్రోజన్ ఆక్సైడ్లను పట్టుకుని మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. వంద లీటర్ల డీజిల్‌కు సుమారు మూడు నుంచి అయిదు లీటర్లు పడుతుంది. ఇక పొలం యూరియాకు 2015 నుంచి వేపనూనె పూత ఉంది. పైరుకు అది మేలు. బండిలో ఆ నూనె ఇంజెక్టర్ రంధ్రంలో జిగురై కూర్చుంటుంది. పైగా సబ్సిడీ యూరియాను సేద్యానికి కాక వేరేదానికి వాడటం నేరం.

అంతకన్నా పెద్ద శత్రువు నీళ్ళు. డెఫ్ కిలోకు కాల్షియం అర మిల్లీగ్రాము మించకూడదు. తాగడానికి మంచివని చెప్పే నీళ్ళలోనే లీటరుకు 75 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని మన దేశ ప్రమాణం. అంటే అప్పటికే 150 రెట్లు. పశ్చిమ ప్రకాశం బోరు నీళ్ళ సంగతి వేరే చెప్పాలా? పళ్ళ మీద గార, బిందె అడుగున తెల్లని పెచ్చు చూస్తూ పెరిగినవాళ్ళం. ఆ పెచ్చే ఎస్‌సీఆర్ తేనెపట్టులోనూ పడుతుంది. మట్టం చూపించడానికి ఒక లీటరు బోరు నీళ్ళు పోసినా, ట్యాంకులో నాణ్యత సెన్సర్ ఉన్న బండ్లు పి 207ఎఫ్ అని పట్టేస్తాయి. లేని బండ్లలో కొన్నాళ్ళకు పి 20ఈఈ వస్తుంది. అప్పటికి లోపలి సామాను చెడిపోయి ఉంటుంది.

ఎండ కూడా డెఫ్‌ను తినేస్తుంది. రేకుల షెడ్డులో, తొట్టిలో నెలల తరబడి వేడెక్కిన క్యాను అమ్మోనియా వాసన కొడుతుంది, బలం తగ్గుతుంది. ఏడాదికి సరిపడా ఒకేసారి కొనొద్దు. నీడలో పెట్టండి. ఇంజెక్టర్ చుట్టూ తెల్లగా పటికబెల్లం పలుకుల్లా కనిపిస్తే గోరువెచ్చని నీళ్ళతో కరుగుతాయి, సుత్తి అవసరం లేదు. ఒకవేళ పొరపాటున డీజిల్‌ను నీలం మూతలోనో, డెఫ్‌ను డీజిల్ ట్యాంకులోనో పోస్తే తాళం తిప్పకండి. తిప్పకపోతే ట్యాంకు ఒక్కటీ కడిగితే సరిపోతుంది.

ఇవన్నీ పీకేస్తే పోలా?

పీకేవాళ్ళు ఉన్నారు. పింగాణీ దిమ్మెను పగలగొట్టి ఖాళీ డబ్బా పెట్టి, కంప్యూటరులో ఆ లెక్కలు తీసేస్తారు. పొగ పరీక్షలో డీజిల్ బండికి చూసేది పొగ నలుపు ఒక్కటే, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. కాబట్టి ఎవరికీ తెలియదని ధైర్యం. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే పది వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉన్నాయి. గ్యారంటీ అప్పటికే పోతుంది. నా అభిప్రాయం అడిగితే, చట్టాన్ని పక్కన పెట్టినా అది తెలివైన పని కాదు. ఇంజెక్టర్ కారుతోందని, గాలి గొట్టం ఊడిందని చెప్పే నోటిని కుట్టేస్తున్నాం. ఇంజన్ దెబ్బతిన్నాక గానీ విషయం తెలియదు.

మరి ఆ పాలబండి?

టీ తాగి వచ్చేసరికి మెకానిక్ స్కానరు పెట్టాడు. తాళం తిప్పి ఇంజన్ ఆపి ఉంచితే ఒత్తిడి సున్నా చూపించింది, అది సరే. ఇంజన్ స్టార్ట్ చేసి 3,000 ఆర్‌పీఎంకు ఎత్తించాడు. జల్లెడకు ముందూ వెనకా ఒత్తిడి తేడా పెరగాలి. అంకె కదల్లేదు. జల్లెడ లేని బండిలో ఎలా ఉంటుందో అలాగే ఉంది. కంప్యూటరు పి 2002 అని రాసుకున్నదీ అందుకే. దానికి గుడ్డ పీలిక లేదు కదా.

ఇంజన్ చల్లబడ్డాక బండి కింద దూరాడు. జల్లెడకు ముందొకటి, వెనకొకటి సన్నని ఇనుప గొట్టాలు పైకి పోతాయి. కొసన రబ్బరు గొట్టం తొడిగి సెన్సర్‌కు కలిపి ఉంటుంది. ముందు గొట్టానికి రబ్బరు తొడిగిన చోట వేలితో వంచాడు. చేప నోరు తెరిచినట్టు అంగుళం చీలిక తెరుచుకుంది. ఒత్తిడి అంతా అక్కడే బయటికి పోతోంది. మామూలు డీజిల్ పైపు తొడగలేదు, అది ఆ వేడికి కరుగుతుంది. వేడి ఓర్చుకునే గొట్టం మార్కాపురం నుంచి తెప్పించి జానెడు ముక్క కోసి తొడిగాడు. మళ్ళీ ఆర్‌పీఎం ఎత్తితే అంకె పైకి లేచి, వదిలితే కిందికి దిగింది.

లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. డ్రైవరు, "చెరిపెయ్ అన్నా," అన్నాడు. మెకానిక్ ఒప్పుకోలేదు. "నేను చెరపను. బాగైతే అదే పోతాది. వరసగా మూడుసార్లు తిరిగినాక గానీ అది నమ్మదు. వారానికొక్కపొద్దయినా వినుకొండ దావన అరగంట ఆపకుండా తోలు. తాళం మాత్రం మధ్యలో తీయొద్దు."

నాలుగో రోజు ఫోన్ చేసి అడిగాను. నిన్న పొద్దున తాళం తిప్పితే లైటు వెలిగి ఆరిపోయిందట.